విండోస్ 10 కాలం అయిపోయింది, షాపులో లైనక్స్ వేయాలా? (నల్గొండ డీటీపీ)

అక్షర_డీటీపీ | నల్గొండ | 2025 అక్టోబర్ 16, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ప్రకాశం బజార్ దగ్గర 26 ఏళ్లుగా కంపోజింగ్ షాపు నడుపుతున్నాను. పెండ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు. షాపులో నాలుగు సిస్టమ్‌లున్నాయి. మొన్న 14వ తేదీతో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. రెండు సిస్టమ్‌లకు 11 ఎక్కుతుందట. మిగతా రెండూ నాలుగో తరం ఐ3లు, వాటికి ఎక్కదట. నిజం చెప్పాలంటే ఆ రెండే నాకు అన్నం పెడుతున్నాయి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం వాటిలోనే ఉంది.

దసరాకు వచ్చిన మా మేనల్లుడు ఒకటే పోరు, "అత్తా, లైనక్స్ వేసేద్దాం" అని. విండోస్ బదులు వేసుకునే ఉచిత ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం) అట అది. పక్క జిరాక్స్ షాపు ఆయన మాట ఇంకొకటి. లైనక్స్ వేస్తే ప్రింటర్ కూడా కదలదు, షాపు మూసుకోవాల్సిందే అంటాడు. నిన్న ఇద్దరూ నా కౌంటర్ ముందే గంటసేపు వాదించుకున్నారు. ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చిన పెండ్లివాళ్లు పాపం నిలబడే ఉన్నారు. కార్తీకం ముహూర్తాలు దగ్గరికొచ్చాయి, నాకు టెన్షన్‌గా ఉంది. ఏ ఓఎస్ గొప్పదో నాకు అక్కర్లేదు, నా పని ఆగకుండా ఉండే దారి చెప్పండి.

పాలమూరు_పెంగ్విన్ | మహబూబ్‌నగర్ | అక్టోబర్ 16, రాత్రి 10:05

అక్కా, మేనల్లుడి మాట వినండి. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. 2008లో ఉబుంటు అనే లైనక్స్ సీడీ పోస్టులో మా ఇంటికి వచ్చింది. పైసా అడగలేదు, పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. విదేశీ ముద్ర ఉన్న ఆ అట్ట కవరు ఇప్పటికీ దాచుకున్నాను. 2011 దాకా అలా ఎవరు అడిగినా పంపించారు. నెట్ కనెక్షన్ లేని పాలమూరు కుర్రాడికి అప్పట్లో అది ఎంత పెద్ద విషయమో చెప్పలేను.

మీ ఐ3లకు 8 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్ అనే రకం హాయిగా నడుస్తుంది. 4 ఉన్నా అందులోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసుకోవచ్చు. ముందే హార్డ్‌డిస్క్ ముట్టుకోనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ప్రింటర్, స్కానర్, వైఫై చూసుకోండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే మీ విండోస్ మీకు ఉంటుంది.

ఒక్క మాట. బాగా నడిచే సిస్టమ్‌ని కొత్త ఓఎస్‌కు పనికిరాదని పక్కన పెట్టమనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి అన్నారు. మీ ఐ3 చేసిన తప్పేంటి? నిన్నటిదాకా పెండ్లి కార్డులు కొట్టింది కదా.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | అక్టోబర్ 17, ఉదయం 7:15

మేడం, నేను రైస్ మిల్లుల లెక్కలు చూస్తాను. పొద్దున లేస్తే ట్యాలీ, జీఎస్టీ, కాంటా సాఫ్ట్‌వేర్, సంతకం పెట్టే డిజిటల్ టోకెన్. ట్యాలీ విండోస్ కోసం చేసింది. కాంటా సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు లైనక్స్ అంటే ఏంటో తెలియదు. సీజన్‌లో రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు "ఇది వైన్‌లో (విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపేది) నడుస్తుందేమో చూద్దాం" అని రైతును ఆపగలమా?

పెంగ్విన్ సార్ ఉద్దేశం మంచిదే. కానీ సిస్టమ్ నేర్చుకోవడమే ఆయన ఉద్యోగం. మీకూ నాకూ సిస్టమ్ పనిముట్టు. విండోస్ 10కి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇచ్చే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. ఇంట్లో వాడే సిస్టమ్‌లకని ఇచ్చారు, మీది ఆ కిందికి వస్తుందేమో చూసుకోండి. ఈ ముహూర్తాలు గడిచాక నిదానంగా ఆలోచించవచ్చు.

ఎంజీయూ_కుర్రాడు | నల్గొండ | అక్టోబర్ 17, ఉదయం 8:02

అక్కా, నేను రెండూ వేసుకున్నాను. చదువు లైనక్స్‌లో, ఆటలు విండోస్‌లో. స్టార్ట్ చేసేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది. మీరూ అలా చేయొచ్చు కదా.

సూర్యాపేట_సర్వీస్ | సూర్యాపేట | అక్టోబర్ 17, మధ్యాహ్నం 1:30

రిపేర్ షాపు నాది. ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటి ఎత్తుతాను, కోపం తెచ్చుకోవద్దు.

మన జిల్లాల్లో విండోస్ అంటే చాలామందికి తెలిసింది "ఫార్మాట్ కొట్టించి ఓఎస్ వేయించుకోవడం". లైసెన్స్ కొన్నారా అని అడిగితే మొహం వింతగా పెడతారు. యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రాం నడిపి అసలుదే అన్నట్టు చూపిస్తారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఒకసారి ఆపాక మళ్లీ ఎవరూ ఆన్ చేయరు.

మూడేళ్ల కింద ఒక ఫోటోగ్రాఫర్ సిస్టమ్ నా దగ్గరికి వచ్చింది. ఎక్కడో ఒక షాపులో అలాగే ఓఎస్ వేయించుకున్నాడు. తెరిస్తే ప్రతి ఫోల్డర్‌లో డబ్బు కట్టమని ఒక నోట్. 12 ఏళ్ల పెండ్లి ఫోటోలు, ఒక్కటీ తెరుచుకోలేదు. బ్యాకప్ డిస్క్ కూడా సిస్టమ్‌కే తగిలించి ఉంది, అందులోవీ పోయాయి. ఆయన నా బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క ఫోల్డర్ పేరు చదివాడు, ఏ ఊరు, ఎవరి పెండ్లి అని. ఆ మధ్యాహ్నం నేను ఇంకో సిస్టమ్ విప్పలేకపోయాను.

2017 మే 12న ఇలాగే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోనివాళ్లు మునిగారు. కాబట్టి మిల్లు అన్నా, మీరు చెప్పే విండోస్ వేరు, మా బజార్లో నడిచే విండోస్ వేరు. కొనగలిగితే అసలుది కొనండి. కొనలేకపోతే దొంగది వేసుకునే బదులు లైనక్స్ వేసుకోండి. నా షాపులో ఇప్పుడు యాక్టివేటర్ వేయను. గిరాకీ కొంత పోయింది, పోనీ.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | అక్టోబర్ 17, మధ్యాహ్నం 2:10

సూర్యాపేట అన్నా, మా మిల్లులో ప్రతి సిస్టమ్‌కూ లైసెన్స్ ఉంది. మీ మాటతో నాకు గొడవ లేదు.

పోచంపల్లి_ఇక్కత్ | భూదాన్ పోచంపల్లి | అక్టోబర్ 17, రాత్రి 8:45

మా ఇంట్లో మూడు తరాలుగా మగ్గమే. నాన్న గ్రాఫ్ పేపర్ మీద గడి గడికీ రంగు వేసి డిజైన్ గీసేవారు. ఏ నూలు ఎక్కడ ముడి కట్టాలో ఆ గళ్లే చెప్పేవి. నేను అదే పని యాపిల్ కంపెనీ మ్యాక్‌లో చేస్తాను. ఎం1 ఎయిర్ ల్యాప్‌టాప్ వచ్చిన కొత్తలో మన దగ్గర 92,900 ఉండేది. అప్పు చేసి కొన్నాను. ఐదేళ్లవుతోంది, ఒక్క రోజు సతాయించలేదు. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, తెరమీద నేను చూసిన ఎరుపు చీరలో కూడా ఆ ఎరుపుకు దగ్గరగా ఉంటుంది. విండోస్, లైనక్స్ వాళ్లు మమ్మల్ని డబ్బున్నవాళ్లు అని పక్కకు పెడతారు. మగ్గం కొనేవాడిని ఎవరైనా అలా అంటారా?

అక్కకు మ్యాక్ కొనమని చెప్పను. పేజ్‌మేకర్ అందులో నడవదు. మ్యాక్‌కు కొత్తదనం మీద మోజు, పాతవాటి మీద దయ లేదు. 2019లో కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వచ్చినప్పుడు పాత 32 బిట్ ప్రోగ్రాంలన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి.

పాలమూరు_పెంగ్విన్ | మహబూబ్‌నగర్ | అక్టోబర్ 17, రాత్రి 9:20

పోచంపల్లి తమ్ముడూ, మ్యాక్ అంత గొప్పదైతే 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" చూసి ఎందుకు కూలింది?

పోచంపల్లి_ఇక్కత్ | భూదాన్ పోచంపల్లి | అక్టోబర్ 17, రాత్రి 9:52

అది నిజమే, దాచను. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఈ వరుస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోనైనా మ్యాకైనా ఆ యాప్ కుప్పకూలేది. అక్షరాలను కూర్చి తెరమీద గీసే భాగంలో తప్పు. ఆ నెల 19న సరిచేసి అప్‌డేట్ ఇచ్చారు. ఆ నాలుగైదు రోజులు ప్రపంచమంతా "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అని రాశారు. నాకు కోపమొచ్చింది. మా అక్షరం ఏ తప్పూ చేయలేదు, మీరే సరిగ్గా పరీక్షించలేదు అని అరవాలనిపించింది. మ్యాక్ వాడేవాడిగా చెబుతున్నాను, అందరికన్నా ఎక్కువ బాధ నాకే.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | అక్టోబర్ 18, ఉదయం 6:50

లైనక్స్ వాళ్లకు ఎప్పుడూ ఎదుటివాడి తప్పే కనపడుతుంది. ఇరవై ఏళ్ల నుంచి "వచ్చే ఏడాది లైనక్స్‌దే" అంటున్నారు. నా మిల్లుకు ఆ ఏడాది రాలేదు.

పాలమూరు_పెంగ్విన్ | మహబూబ్‌నగర్ | అక్టోబర్ 18, ఉదయం 7:30

మిల్లు అన్నా, వచ్చింది, మీకు కనపడలేదు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల లైనక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే ఉంది. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో 21 ఏళ్ల విద్యార్థి "నేనొక ఓఎస్ చేస్తున్నాను, సరదాకే, పెద్దదేం కాదు" అనే అర్థంలో ఒక సందేశం పెట్టాడు. లైనస్ టోర్వాల్డ్స్. పదేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ పెద్ద స్టీవ్ బామర్ అదే లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల, 2014లో మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ప్రేమ అని ప్రకటించాడు. 2016 నుంచి విండోస్ లోపలే లైనక్స్ నడుపుకునే సౌకర్యం ఇచ్చారు. చేసినవాళ్లే కలిసిపోయారు, మనం మాత్రం ఇక్కడ ఇంకా కొట్టుకుంటున్నాం.

మరి నిరుడు, అంటే 2024 జులై 19న, 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. విమానాలు ఆగాయి. అది కూడా చెప్పండి.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | అక్టోబర్ 18, ఉదయం 7:48

చెబుతాను. ఆ తప్పు క్రౌడ్‌స్ట్రైక్ అనే వేరే కంపెనీ పంపిన అప్‌డేట్‌ది. కాలేజీలో పాఠం చెప్పేవారు సగం చెప్పకూడదు సార్.

నిర్వాహకుడు | అక్టోబర్ 18, ఉదయం 8:10

ఇద్దరికీ మనవి. అడిగినది అక్షర అక్క. ఆమె పనికి వచ్చేది రాయండి. మిగతావాటికి వేరే చర్చ తెరుద్దాం.

అక్షర_డీటీపీ | నల్గొండ | అక్టోబర్ 18, రాత్రి 10:30

అందరి మాటలూ చదివాను. ఇవాళ షాపులో ఒకటి జరిగింది. దాని ముందు నా రెండు ఐ3ల సంగతి చిన్నదైపోయింది.

మధ్యాహ్నం దేవరకొండ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో గీతలు పడ్డ సీడీ ఒకటి. వాళ్ల నాన్న టీచరుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ముసలమ్మల నోట బతుకమ్మ పాటలు రాసుకున్నారట. 2003లో ఎక్కడో టైపు చేయించి 64 పేజీలు తయారుచేశారు, అచ్చుకు డబ్బులు సరిపోక ఆగిపోయారు. కరోనాలో ఆయన పోయారు. పాటలు చెప్పినవాళ్లు కూడా చాలామంది లేరు. చేతిరాత నోటుబుక్కులు చెదలు తిన్నాయి. మిగిలింది ఈ సీడీ.

నా సిస్టమ్‌లలో దేనికీ సీడీ డ్రైవ్ లేదు. జిరాక్స్ ఆయన తన పాత డ్రైవ్ తెచ్చి తగిలించాడు. మూడుసార్లకు చదివింది. పేజ్‌మేకర్ ఫైలు. మా మేనల్లుడు తన లైనక్స్ ల్యాప్‌టాప్‌లో లిబ్రెఆఫీస్ డ్రా అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచాడు. తెరుచుకుంది! పేజీ అంచులు, పువ్వుల బోర్డరు అన్నీ వచ్చాయి. అక్షరాలే లేవు. డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న రోమన్ అక్షరాలు, బాణాలు. వాడు "ఫైలు చెడిపోయింది అత్తా" అన్నాడు. నా విండోస్ సిస్టమ్‌లో పేజ్‌మేకర్‌లోనే తెరిచాం, అదే చెత్త. ఆ అమ్మాయి తెర వంక చూసి, ఏడుపు ఆపుకుని "ఇందులో మా నాన్న రాసింది ఏమీ లేదా అక్కా" అంది.

ఫైలు చెడిపోలేదని నాకు తెలుసు. 26 ఏళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని. ఆ ఫాంటు లేదు, అంతే. కానీ అది ఏ ఫాంటో, ఎక్కడ దొరుకుతుందో తెలియదు. సీడీ ఉంచుకుని ఆమెను పంపాను. సాయం చేయండి.

నాగర్‌కర్నూల్_బడి | నాగర్‌కర్నూల్ | అక్టోబర్ 18, రాత్రి 11:05

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, రాయలేదు. ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. ఈ పాత ఫాంట్ల సంగతి నాకు కొంత తెలుసు కాబట్టి, మేనల్లుడికీ మిగతావాళ్లకూ అర్థమయ్యేలా చెబుతాను.

ఆ రోజుల ఫాంట్లలో గదులు 256కు మించవు. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో కూర్చోబెట్టారు. ఫైలు లోపల తెలుగు అసలు లేదు. ఫలానా గదిలోని బొమ్మ వేయి, పక్కన ఫలానా గదిలోని బొమ్మ వేయి అనే మాటే ఉంది. ఫాంటు తీసేస్తే ఆ గదుల్లో ఉండే ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరులో గదులు సర్దింది, అందుకే ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటుతో చదవలేం.

ప్రపంచ భాషల్లో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో అలా కాదు. "ఉయ్యాలో" అంటే ఉ, య, పొల్లు, య, దీర్ఘం, ల, ఓత్వం. ఏడు గుర్తులు. ఈ ఏడూ విండోస్‌లో, లైనక్స్‌లో, మ్యాక్‌లో, ఫోన్‌లో ఒకటే. ఎలా గీయాలన్నది ఆ మిషన్ చూసుకుంటుంది. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. అంటే పెంగ్విన్ సార్ చెప్పిన లైనక్స్ పుట్టిన ఏడాదే. 2003లో ఆ మాస్టారు టైపు చేయించేనాటికి దానికి పన్నెండేళ్లు. కానీ మన డీటీపీ షాపుల్లోకి రాలేదు. పేజ్‌మేకర్‌కు అది తెలియదు. 2001 నాటి 7.0తోనే దాని పెద్ద వెర్షన్లు ఆగిపోయాయి.

మీరు ఏ ఓఎస్ వేసుకున్నా నాకు సమ్మతమే అక్కా. ఆ 64 పేజీలు యూనికోడ్‌లోకి రావాలి. అది ముందు చూడండి. నాకు నిద్ర పట్టేలా లేదు.

సూర్యాపేట_సర్వీస్ | సూర్యాపేట | అక్టోబర్ 19, ఉదయం 9:00

అక్కా, మీ షాపు పాత సిస్టమ్ ఏదైనా అటక మీద ఉందా? 2003, 2004 నాటిది? అప్పట్లో నల్గొండలో నాలుగైదు ఫాంటు ప్యాకేజీలే తిరిగేవి. పాత విండోస్ ఎక్స్‌పీ ఉన్న హార్డ్‌డిస్క్ దొరికితే ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉండొచ్చు. నెట్ మాత్రం తగిలించవద్దు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే అప్‌డేట్‌లు ఆగిపోయాయి.

అక్షర_డీటీపీ | నల్గొండ | అక్టోబర్ 21, రాత్రి 9:15

దీపావళి పూట షాపు మూసి అటక ఎక్కాం. పాత క్యాబినెట్, ఎలుకలు వైర్లు కొరికేశాయి. సూర్యాపేట తమ్ముడు నిన్న బస్సెక్కి వచ్చి హార్డ్‌డిస్క్ తీసి వేరే బోర్డుకు పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు, రెండు అరిసెలు మాత్రం తిన్నాడు. ఎక్స్‌పీ లేచింది. పచ్చని కొండ, నీలం ఆకాశం చూడగానే నాకు పాత రోజులన్నీ గుర్తొచ్చాయి. పేజ్‌మేకర్ తెరిచాం. ఫాంటు అందులో ఉంది.

మొదటి పేజీ నిండా అచ్చ తెలుగు. మొదటి పాట మొదటి పాదం చివర "ఉయ్యాలో". మా మేనల్లుడు ఏం మాట్లాడలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి వీడియోలో చూపించాను.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | అక్టోబర్ 21, రాత్రి 9:40

చాలా సంతోషం మేడం. పెంగ్విన్ సార్‌ను దెప్పడానికి కాదు గానీ, 22 ఏళ్ల ఫైలును ఉన్నది ఉన్నట్టు తెరిచింది విండోసే. పాత ప్రోగ్రాంలను చంపకుండా మోసుకొస్తుంది. అందుకే దాన్ని వదలను.

పాలమూరు_పెంగ్విన్ | మహబూబ్‌నగర్ | అక్టోబర్ 21, రాత్రి 10:10

అన్నా, ఆ మాట ఒప్పుకుంటాను. పాతదాన్ని కాపాడటంలో విండోస్‌ను మెచ్చుకోవాల్సిందే. కానీ ఒకటి గమనించండి. అక్క షాపులో మొన్న పేజ్‌మేకర్ ఉంది, విండోస్ ఉంది, అయినా ఫైలు చెత్తగానే కనిపించింది. అటక మీద ఆ ఒక్క డిస్క్ లేకపోతే? ఎలుకలు వైర్లతో పాటు దాన్ని కూడా పాడుచేసి ఉంటే? ఇంత ప్రాణం ఒక డిస్క్ మీద ఆధారపడటం నాకు భయంగా ఉంది. లోపలి కోడు అందరికీ తెరిచి ఉండాలని మావాళ్లు గొంతు చించుకునేది దీనికోసమే.

అక్కా, ఆ ఫాంటు గదుల పట్టిక తయారుచేద్దాం. ఏ గదిలో ఏ ముక్క ఉందో ఎక్స్‌పీలో ఒక్కొక్కటి టైపు చేసి ఫోటో తీసి పంపండి. యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం నేను, మీ మేనల్లుడు కలిసి రాస్తాం.

నాగర్‌కర్నూల్_బడి | నాగర్‌కర్నూల్ | అక్టోబర్ 21, రాత్రి 10:25

ప్రూఫ్ నేను చూస్తాను. మా పదో తరగతి పిల్లలు కూడా తలా నాలుగు పేజీలు చూస్తారు.

పాలమూరు_పెంగ్విన్ | మహబూబ్‌నగర్ | అక్టోబర్ 26, సాయంత్రం 6:30

పట్టిక అయింది. 256 గదుల్లో 190కి పైగా ముక్కలు దొరికాయి. ప్రోగ్రాం మొదటిసారి నడిపినప్పుడు "ఉయ్యాలో" బదులు పేజీ అంతా "ఉయాల్యో" అని వచ్చింది. పాత ఫైల్లో ఒత్తు ముక్క ఎక్కడ పడితే అక్కడ ఉంది. కొన్నిచోట్ల అక్షరం తర్వాత, కొన్నిచోట్ల దీర్ఘం కూడా అయిపోయాక. టైపు చేసినవాళ్లు కంటికి సరిపోయేలా కొట్టారు, కంటికి సరిపోతే చాలు అప్పుడు. ఆ ఒత్తును వెనక్కి నడిపించి సరైన అక్షరం కింద కూర్చోబెట్టడానికి మూడు రాత్రులు పట్టింది. మీ మేనల్లుడు మంచి పనివాడు అక్కా. వాడు రెండో రాత్రి రెండింటికి ఫోన్ చేసి "సార్, దొరికింది" అన్నాడు.

ఇప్పుడు 64 పేజీలూ మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉన్నాయి.

పోచంపల్లి_ఇక్కత్ | భూదాన్ పోచంపల్లి | అక్టోబర్ 26, రాత్రి 8:00

నా మ్యాక్‌లో, ఐఫోన్‌లో తెరిచి చూశాను. ఒక్క అక్షరం చెదరలేదు. "జ్ఞాపకం" అన్న మాట 12వ పేజీలో ఉంది. బాగానే వచ్చింది. అట్ట డిజైన్ నాకు వదిలేయండి. తంగేడు పువ్వును ఇక్కత్ గళ్లలో గీస్తున్నాను, అంచులు కొద్దిగా కరిగినట్టుగా, మగ్గం మీద వచ్చినట్టే.

అక్షర_డీటీపీ | నల్గొండ | నవంబర్ 3, రాత్రి 10:50

మొదట అడిగిన ప్రశ్నకు నేనేం చేశానో చెప్పాలి కదా. 11 ఎక్కే రెండు సిస్టమ్‌లకు అసలు లైసెన్స్‌తో 11 వేయించాను, గిరాకీ తెచ్చే ఫైళ్లకు అవి కావాలి. ఒక ఐ3లో విండోస్ 10 అలాగే ఉంచి నెట్ కేబుల్ పీకేశాను. పేజ్‌మేకర్ పెండ్లి కార్డులు ఈ ముహూర్తాలకు అందులోనే. రెండో ఐ3లో మింట్ వేశాం. ప్రింటర్ మొదటి రోజు కదలలేదు. జిరాక్స్ ఆయన "చెప్పానా" అన్నాడు. రెండో రోజు దాన్ని నడిపే ప్రోగ్రాం (డ్రైవర్) దొరికింది, ఇప్పుడు కదులుతోంది, రంగు మాత్రం కాస్త తేడా. కొత్తగా వచ్చే పుస్తకం పనులు ఇక యూనికోడ్‌లోనే చేస్తాను. 26 ఏళ్ల అలవాటు వదిలి యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటున్నాను. వేళ్లు పాత చోటికే పోతున్నాయి, గంటకు రెండు పేజీలు కూడా కావడం లేదు. అయినా నేర్చుకుంటాను.

పాటల పుస్తకం ఆ మింట్ సిస్టమ్‌లోనే కూర్చాను. శీర్షికలకు "సురవరం" ఫాంటు పెట్టాను. పాలమూరు గడ్డ మీద పుట్టి గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద ఉన్న ఫాంటు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆ మాస్టారు ఉంటే సంతోషించేవారని బడి సార్ అన్నారు.

ఒక్కచోట ఆగిపోయాం. 47వ పేజీలో పువ్వుల పేర్లు వరుసగా ఉన్నాయి. తంగేడు, గునుగు, తర్వాత ఒక పేరు. మార్చిన ఫైల్లో "కట" అని మాత్రమే వచ్చింది. ఎక్స్‌పీలో చూస్తే ట కింద ఒత్తు ఏదో ఉంది, కింది వరుస మీదికి ఎక్కి సగం తెగిపోయింది. లావత్తా, రావత్తా తేలడం లేదు. ఆ అమ్మాయికి కూడా గుర్తులేదు. పెద్దవాళ్లను అడిగి చెప్పగలరా? రేపు అచ్చు ప్లేటుకు ఇవ్వాలి.

మిల్లు_లెక్కలు | మిర్యాలగూడ | నవంబర్ 3, రాత్రి 11:20

మా అమ్మను నిద్రలేపి అడిగాను మేడం. కట్ల పువ్వు. ఆ పాదం నాకు పాడి వినిపించింది కూడా. ఆమెకు తెలిసిన పాటలో ఆ తర్వాత ఇంకో రెండు పాదాలున్నాయట, మీ పేజీలో ఉన్నాయో లేదో చూడండి. రికార్డు చేశాను, పంపుతున్నాను.